రూపాయల దండ, కెంపుల అడ్డిగ, మరికొన్ని: పాత నగల్ని మళ్ళీ మెడకెక్కించే పని

మే చివర

ఇంట్లో పెట్టెల్లో పడున్న పాత నగల్ని పెట్టుకునే స్థితికి తేవాలి. ఈ ఏడాదికి పెట్టుకున్న పని ఇదే. అమ్మడానికి కాదు, కరిగించి కొత్తవి చేయించడానికి అసలే కాదు. డిసెంబరులో చిన్నాన్న కొడుకు పెళ్ళి సూర్యాపేటలో. అప్పటికి కనీసం మూడైనా ఒంటి మీదికి ఎక్కాలి.

బల్ల మీద ఉన్నవి ఇవీ. నాయనమ్మ వెండి రూపాయల దండ, దారం పుచ్చిపోయి మూడు ముక్కలుగా ఉంది. బందరు అమ్మమ్మ కెంపుల అడ్డిగ, అంటే మెడ హారం, ఒక రాయి లేదు, ఒక కొండీ తెగింది. చెవి పైభాగాన పెట్టుకునే బుగడీల జత, ఒకదానికి శీల లేదు. చిన్నమ్మమ్మ పెళ్ళి నాటి సన్న గొలుసు, బంగారమే అంటారు గానీ చూస్తే పాలిపోయినట్టు ఉంటుంది. చిలకలపూడి గిల్టు సెట్టు ఒకటి. జడబిళ్ళలు ఐదు, నిజానికి ఎన్ని ఉండేవో ఎవరికీ గుర్తు లేదు.

నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఏ మార్పు చేసినా రేపు ఎవరైనా దాన్ని విప్పి మళ్ళీ మొదటి స్థితికి తేగలగాలి. కాబట్టి కోతలుండవు, మెరుగు పెట్టించడం ఉండదు. మెరుగు అంటే పై పొరను అరగదీయడమే. ఎనభై ఏళ్ళు ఒకరి మెడ మీద అరిగి నునుపెక్కిన అంచును, అరగంటలో యంత్రం మీద పెట్టి కొత్తదానిలా చేస్తారు. అలాంటి కొత్తది కావాలంటే దుకాణానికే పోవచ్చు కదా.

ప్రతి నగనూ తెల్ల కాగితం మీద పెట్టి ముందూ వెనకా ఫొటో తీశాను, తూచాను, నోటుబుక్కులో ఒక్కోదానికి ఒక్కో పేజీ ఇచ్చాను. బరువు, కొలతలు, విరుపులు, పాత అతుకులు అన్నీ రాశాక అడుగున ఒక గడి: ఎవరు, ఏ సందర్భంలో పెట్టుకునేవారు. ఈ గడి నింపడానికి అమ్మకు, అత్తమ్మకు ఫోన్లు చేస్తూనే ఉన్నాను. మిగతావి త్రాసు చెబుతుంది, ఇది వాళ్ళు తప్ప ఎవరూ చెప్పలేరు.

జూన్

మొదలు రూపాయల దండతోనే. సూర్యాపేట అత్తమ్మ ఫోనులో ముందే హెచ్చరించింది: "చింతపండు ఏసి తోముతవేమో, ఒద్దు బిడ్డా. మా అవ్వ గట్ల ఎన్నడు తోమలె. గా నలుపుంటెనే రాజు మొఖం కనవడ్తది."

అక్షరాలా నిజం. వెండి మీద నలుపు గాలిలోని గంధకంతో ఏర్పడే పొర. బొమ్మ చుట్టూ గుంటల్లో అది నిలిచి, ఎత్తు భాగాలు చీరకు రాసుకుని తెల్లగా ఉంటేనే ముఖం తేలుతుంది. వేడినీళ్ళలో వంటసోడా వేసి, అల్యూమినియం రేకు మీద వెండి పెట్టే చిట్కా ఇప్పుడు అందరూ చేస్తున్నారు. అది పనిచేస్తుంది, కాదనను. కానీ గుంటల్లో నలుపు కూడా పోయి నాణెం చప్పగా తేలుతుంది. గోరువెచ్చటి నీళ్ళు, కుంకుడు రసం, మెత్తటి పళ్ళ బ్రష్షు చాలు. అది కూడా రూపాయలకే. మధ్యలో ఉన్న వెండి గుండ్లు డొల్లవి, లోపల లక్క. వాటిని నానబెట్టకుండా తడిగుడ్డతో తుడిచి వదిలేశాను.

కడిగాక భూతద్దం తీసుకుని కూర్చున్నాను. మొత్తం పద్దెనిమిది నాణేలు, అందులో పదకొండు ఇంగ్లీషువాళ్ళ రూపాయలు, ఏడు నిజాం చార్మినార్ రూపాయలు. అత్తమ్మ భాషలో కల్దార్లూ, హాలీలూ. బెజవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే రోడ్డు మీది ఊరు సూర్యాపేట. బెజవాడ మద్రాసు రాష్ట్రం, అది నిజాం ఇలాకా. రెండు సొమ్ములూ చేతులు మారేవి. దాదాపు ఆరు కల్దార్లకు ఏడు హాలీల లెక్క. దండలో రెండూ పక్కపక్కనే ఉండడంలో వింతేమీ లేదు.

విక్టోరియావి మూడు. రెండింటి మీద 1862, ఒకదాని మీద 1885. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 1862 అని ఉన్నంత మాత్రాన ఆ ఏడు కొట్టిందని కాదు, 1874 దాకా టంకశాలలు అదే సంవత్సరం వేసి కొడుతూ వచ్చాయి. 1885 దానిపై 'రాణి' పోయి 'మహారాజ్ఞి' వచ్చింది, 1877 నుంచి ఆ మార్పు. ఎడ్వర్డువి రెండు, 1906, 1907. ఆయన నెత్తిన కిరీటం ఉండదు, బట్టతల ముఖాన్ని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. జార్జివి ఐదు: 1911, 1912, 1916, 1917, 1919. మిగిలిన ఒకటి ముఖం చెదిరిపోయి ఉంది, సంవత్సరం చదవలేం.

1911 కనపడగానే కాసేపు పని ఆపేశాను. దీనికి పంది రూపాయి అని పేరు. రాజుగారి అంగీ మీద పతకంలో ఉన్న ఏనుగు బొమ్మ, తొండం పొట్టిగా పడి, జనానికి పందిలా కనిపించింది. ముస్లింలు అభ్యంతరం చెప్పారు, గొడవయింది. బయటికి పోకుండా మిగిలినవాటిలో చాలా భాగం కరిగించేశారు. 1912లో ఏనుగుకు సరైన తొండం వచ్చింది. మా దండలో 1911, 1912 పక్కపక్కనే ఉన్నాయి. భూతద్దం కింద రెంటినీ మార్చిమార్చి చూశాను. నిజంగానే పందే. నాణేలు సేకరించేవాళ్ళకు ఇది మంచి సరుకే గానీ, కొండీ అతికించాక వాళ్ళ లెక్కలో విలువ పడిపోతుంది. మాకు అది అక్కర్లేని లెక్క.

చార్మినార్ వాటికి కిటుకు మధ్య ద్వారంలో ఉంటుంది. అక్కడ చిన్న అరబ్బీ అక్షరం. 'మీమ్' ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది, 'ఐన్' ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. మా వాటిలో మీమ్ రెండు, ఐన్ ఐదు. సంవత్సరాలు హిజ్రీలో, అరబ్బీ అంకెల్లో ఉంటాయి. హిజ్రీ ఏడాది మన ఏడాది కంటే చిన్నది కాబట్టి ఊరికే కూడితే సరిపోదు. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే సుమారుగా మన సంవత్సరం వస్తుంది. ఐన్ వాటిలో స్పష్టంగా ఉన్న ఒకదాని మీద 1330. అంటే 1911 డిసెంబరుకీ 1912 డిసెంబరుకీ మధ్య కొట్టింది. ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన కొత్తల్లోది.

ఇంతకీ దండ ఎప్పటిది? చదవగలిగినవాటిలో చివరిది 1919. కాబట్టి ఇప్పుడున్న రూపంలో 1919కి ముందుది కాజాలదు. అంతవరకే చెప్పగలం. పైగా కొండీలు చూస్తే రెండు రకాలు. పది కొండీల మీద నిలువుగా మూడు గాడులున్నాయి, మిగతావి సాదా తీగ వంచి అతికించినవి. ఇద్దరు కంసాలుల పని, లేదా ఒకరే చాలా ఏళ్ళ తేడాతో చేసింది. పండిన ఏడు ఒక రూపాయి, పెళ్ళికో పురుడుకో ఇంకొకటి, అలా పెరుగుతూ వచ్చిన నగ ఇది. దీనికి పుట్టినరోజు వెతకడం దండగ.

జూలై మొదట్లో

ముఖం చెదిరిన ఆ నాణెం మీద అనుమానం తీరలేదు. మోగిస్తే గొంతు కాస్త బొంగురుగా ఉంది. కానీ కొండీ ఉన్న నాణేన్ని మోగించి తేల్చడం కష్టం. అందుకని నీళ్ళ పరీక్ష పెట్టాను. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు గనక వివరంగా రాస్తున్నాను.

గ్రాములో నూరో వంతు చూపించే చిన్న త్రాసు కావాలి. ముందు నాణేన్ని పొడిగా తూచాలి. తర్వాత త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయాలి. నాణేన్ని సన్న దారంతో కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి, అడుగుకూ అంచుకూ తగలకూడదు. అప్పుడు త్రాసు చూపించే అంకె, నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. మొదటి బరువును దీంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క నీళ్ళలో వేస్తే బుడగలు నిలవవు.

కల్దారు రూపాయి 11.66 గ్రాములు, సరిగ్గా పాత తులం. వెండి తూచడానికి రూపాయి బిళ్ళనే తులం రాయిగా వాడింది అందుకే. అందులో వెండి 91.7 శాతం, మిగతాది రాగి. ఆ మిశ్రమం సాంద్రత 10.3 పైన రావాలి. కొండీతో కలిపి 12.1 గ్రాములున్న 1916 రూపాయి 1.17 గ్రాముల నీటిని నెట్టింది. భాగిస్తే 10.34. హాలీ రూపాయి కాస్త తేలిక, 11.18 గ్రాములు. వెండి కూడా తక్కువే, 81.8 శాతం. కొండీతో 11.6, నీరు 1.14, భాగిస్తే 10.2 దగ్గర. లెక్క కుదిరింది.

చెదిరిన ముఖం నాణెం: 10.2 గ్రాములు, నీరు 1.17. భాగిస్తే 8.7.

జర్మన్ సిల్వరు. పేరులో తప్ప అందులో వెండి ఉండదు, రాగి, నికెలు, తుత్తునాగం కలిపింది. ఏదో అసలు రూపాయికి అచ్చు తీసి పోతపోసినట్టుంది, అంచు గాడులు కూడా మెత్తగా కరిగినట్టు ఉన్నాయి. దండ మధ్యలో కాదు, మెడ వెనక్కి పోయే చోట ఉంది ఇది. ఎవరో అవసరానికి ఒక రూపాయి తీసుకుని, ఖాళీ కనపడకుండా దీన్ని గుచ్చి ఉంటారని నా ఊహ. అత్తమ్మను అడిగితే నవ్వింది, పేరు మాత్రం చెప్పలేదు. వెండిది పెట్టిద్దామా అని నాన్న అన్నారు. వద్దన్నాను. ఆ ఇంట్లో ఒక గడ్డు రోజుకు ఉన్న ఏకైక రసీదు అది.

జూలై చివర, వన్‌టౌన్

గుచ్చే పని ఇంట్లో చేయకూడదని ముందే అనుకున్నాను. వన్‌టౌన్‌లో నగలు గుచ్చే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పాత దారం ముక్కను వేళ్ళతో నలిపి, "నూలమ్మా ఇది, పట్టు కాదు. నూనె పట్టించి వాడారు" అన్నాడు. ఇప్పుడు నైలాను వేస్తే తెగదు కదా అంటే తల అడ్డంగా ఊపాడు. నైలాను తెగదు సరే, కొండీలను కోస్తుంది. పాత వెండి కొండీలు లోపలి వైపు అరిగి సన్నబడ్డాయి, గట్టి దారం ఇంకా అరగదీస్తుంది. దారమే ముందు తెగాలి, నగ కాదు. ఇంత మంచి మాట ఏ పుస్తకంలోనూ దొరకలేదు నాకు.

నల్ల నూలు దారం పేటలుగా పేని, ప్రతి గుండుకూ రూపాయికీ మధ్య ముడి వేయించాను. ముడి ఉంటే ఎక్కడైనా తెగినా అన్నీ రాలవు, ఒకదానికొకటి రాసుకోవు కూడా. వెనక కొక్కెం పెట్టలేదు, పాతదానికీ లేదు. రెండు కొసలకు జారుముడి, చివర నల్ల కుచ్చులు. జారుముడితో లాభం ఏమిటంటే దండను గొంతు దగ్గరికి లాగొచ్చు, రొమ్ము మీదికీ వదలొచ్చు. దారంతో కలిపి 260 గ్రాముల పైచిలుకు. గంట సేపు పెట్టుకుని వంట చేశాను. బరువు మెడ వెనక ఒక్క చోటే తెలుస్తోంది. అక్కడ దారం చుట్టూ మెత్తటి నూలుగుడ్డ చుట్టి కుట్టాక ఇబ్బంది లేదు. మెడ వెనక బాగా దిగిన జాకెట్టు మీద మాత్రం ఇది వేసుకోలేం, వీపు పైదాకా గుడ్డ ఉండాలి.

శ్రావణం

కంసాలి ఆచారిగారు దొరకలేదు. శ్రావణంలో కంసాలి దగ్గరికి పాత నగ తీసుకెళ్ళడం తెలివైన పని కాదు. ఆయన బల్ల నిండా లక్ష్మీ రూపులే.

ఈలోగా అడ్డిగను ఒక పెద్ద షోరూములో చూపించాను, విలువ కట్టించడానికే. కౌంటరు కుర్రాడు చూసీ చూడగానే "పాత మోడల్ మేడం, ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేయండి" అన్నాడు. లెక్క వేశాడు: మొత్తం బరువులో రాళ్ళు తీసేశాడు, లక్క తీసేశాడు, అతుకుల్లో తక్కువ వన్నె బంగారం ఉంటుందని ఇంకొంత తీసేశాడు, ఆపైన తరుగు. అతని ఒక్కో కోతా వ్యాపారం లెక్కలో సబబే. అడ్డిగలో సగం బరువు నిజంగా లక్కా రాళ్ళే. కానీ చివర్లో తేలిన అంకెలో చేతిపని అనే పద్దే లేదు. కుందనపు పని నగను బంగారం ధరకు అమ్మేవాళ్ళు నష్టపోయేది ఇక్కడే. డబ్బు అవసరమై అమ్మితే వేరు, ఊరికే మోడల్ పాతదని మాత్రం ఇవ్వకండి.

సెప్టెంబరు

ఆచారిగారు తీరిక చేసుకున్నారు. మొదట చిన్నమ్మమ్మ గొలుసు. పెళ్ళి 1964లో. ఇన్నాళ్ళూ ఇంట్లో వాళ్ళు దీన్ని "కల్తీ గొలుసు" అనీ, ఆ రోజుల్లో పెళ్ళివారు మోసం చేశారనీ చెప్పుకుంటూ వచ్చారు.

ఆయన గీటురాయి మీద గొలుసుతో ఒక గీత గీశారు. పక్కనే వన్నె తెలిసిన బంగారు పుల్లలతో మరికొన్ని గీతలు. ఆమ్లం చుక్క అద్దారు. ఇరవై రెండు క్యారెట్ల గీత నిలిచింది, గొలుసు గీత వెలిసింది. ఆయన తల ఎత్తకుండానే "ఎప్పుడు చేసిందమ్మా?" అన్నారు. 1964 అని చెప్పగానే, "మరి పద్నాలుగే ఉంటుంది" అన్నారు. తర్వాత క్యారట్ మీటరు పెట్టిస్తే 58 శాతం చిల్లర చూపించింది. ఇరవై నాలుగులో పద్నాలుగు వంతులు అంటే సరిగ్గా 58.3.

1963 జనవరిలో మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉండగా బంగారం అదుపు నిబంధనలు వచ్చాయి. కొత్తగా చేసే నగ పద్నాలుగు క్యారెట్లకు మించకూడదు. చైనా యుద్ధం అయిన కొత్త, విదేశీ మారకం కొరత, జనం బంగారం మీద మోజు తగ్గించుకుంటారని ఆశ. మోజు తగ్గలేదు, కంసాలులకు మాత్రం పని పోయింది. ఆచారిగారి నాన్నగారు ఆ రోజుల్లో కొలిమి ఆపి కిరాణా కొట్టులో లెక్కలు రాశారట. ఆ క్యారెట్ల పరిమితి కొన్నేళ్ళకే సడలింది గానీ, 1968లో వచ్చిన బంగారం అదుపు చట్టం 1990 దాకా ఉంది.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను, పెళ్ళివారు మోసం చేయలేదనీ, చట్టం ప్రకారం నిజాయితీగా చేయించారనీ. అరవై ఏళ్ళ నింద అది. అమ్మ వెంటనే ఫోను అందుకుంది.

ఈ గొలుసుకు చేయాల్సిన పనేమీ లేదు. రాగి, వెండి పాలు ఎక్కువ కాబట్టి ఇరవై రెండు క్యారెట్ల దానికంటే గట్టిది, రోజూ పెట్టుకోవడానికి మేలు. ఇప్పుడు నా మెడలోనే ఉంది.

దసరా ముందు

ఇక అడ్డిగ. ఇంట్లో కథ ప్రకారం ఇవి బర్మా కెంపులు, ముత్తాత రంగూన్ నుంచి తెచ్చినవి. పది రెట్లు చూపించే లూపుతో, పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి ఒక్కొక్క రాయీ చూశాను. ఎక్కువ రాళ్ళలో గ్రామఫోను రికార్డు మీద గాడుల్లా వంపు తిరిగిన సన్నటి గీతలు, అక్కడక్కడా గుండ్రటి బుడగలు. భూమిలో పెరిగిన కెంపులో గీతలు ఉంటే నిటారుగా, కోణాలు తిరిగి ఉంటాయి, వంపు తిరగవు. ఇవి మంట మీద తయారైన కెంపులు. ఫ్రాన్సులో వెర్న్యూయ్ అనే ఆయన అల్యూమినా పొడిని మంటలో చుక్కలుగా కరిగించి కెంపును పెంచే పద్ధతి 1902లో ప్రకటించాడు. రసాయనపరంగా అదీ కెంపే. మన దక్షిణాదిలో తిరుచిరాపల్లి అలాంటి రాళ్ళను సానపట్టడానికి పేరుపడ్డ ఊరు.

అతినీలలోహిత కిరణాల టార్చితో తేల్చేయవచ్చని కొందరు అంటారు. నమ్మకండి. మంట కెంపు ఎర్రగా మండుతుంది, బర్మా కెంపూ అలాగే మండుతుంది. ఆ టార్చి గాజును పట్టిస్తుందేమో గానీ, ఈ రెంటినీ విడదీయదు. మా వాటిలో ఐదు మాత్రం వంపు గీతలు లేకుండా, లోపల సన్నటి సూదుల్లాంటి పోగులతో ఉన్నాయి. అవి బర్మావి అయితే కావచ్చు. అమ్మకు చెబితే, "అయితే ఏంటట? మా అమ్మ మెడలో కెంపులే అవి" అంది. ఆ మాట మీద ఇంక వాదం లేదు.

ఆచారిగారు రాయి ఎలా పొదిగారో కుర్చీ దగ్గరికి లాక్కుని చూశాను. ఖాళీ గూడులో పాత లక్క ఎండి పగిలి ఉంది. సూది మొన వేడి చేసి దాంతోనే లక్కను కొద్దికొద్దిగా గీకి తీశారు, నగకు మంట చూపించలేదు. కొత్త లక్క బియ్యపు గింజంత, గూట్లో అద్దారు. దాని మీద మెరిసే రేకు, రేకు మీద రాయి. ఈ రాళ్ళ గూళ్ళకు వెనక రంధ్రం ఉండదు. వెలుగు పైనుంచే పోయి రేకుకు తగిలి వెనక్కి రావాలి, మెరుపంతా రేకుదే. అందుకే ఇలాంటి నగను నీళ్ళలో ముంచకూడదు. చెమ్మ లోపలికి దిగితే రేకు నల్లబడుతుంది, రాయి గుడ్డిదవుతుంది.

తర్వాత కుందనం. మేలిమి బంగారాన్ని కొట్టి కొట్టి చేసిన మెత్తటి రేకును సన్న పట్టీలుగా కత్తిరించి, రాయికీ గూడు అంచుకూ మధ్య ఉక్కు మొనతో నొక్కుతూ పోయారు. టంకం లేదు, వేడి లేదు. మేలిమి బంగారం కాబట్టి ఒత్తిడికే ఒకదానికొకటి అంటుకుపోతుంది. పట్టీ మీద పట్టీ నొక్కి, చివర్న నునుపు రాయితో రుద్దితే ఒకే ముక్కలా అయింది. ఆయన ఊపిరి బిగబట్టి నొక్కడం, మధ్యలో ఆగి రాయిని గోటితో కదిపి చూడడం, మళ్ళీ నొక్కడం. మాటల్లేవు. కొత్త రాయి మిగతావాటికంటే కాస్త నిగనిగలాడుతోంది. రేకు మసకబెట్టమంటారా అని అడిగారు. ఉండనివ్వండి అన్నాను, ఏది కొత్తదో తెలియడం మంచిదే.

తెగిన కొండీ లక్క గూడును ఆనుకునే ఉంది. మంట పెట్టి అతికితే పక్క రాళ్ళ లక్క కరిగి పొంగుతుంది. ఆయన అతుకు జోలికి పోకుండా, సన్న బంగారు తీగను కమ్మచ్చులో లాగి, విరిగిన చోట రెండు చుట్లు చుట్టి కొసలు లోపలికి మడిచారు. వెనక నుంచి చూస్తే కట్టు కట్టినట్టు తెలుస్తుంది. ముందు నుంచి తెలియదు. నేను పెట్టుకున్న నియమానికి ఇంతకంటే సరిపోయే పని ఉండదు: కావాలంటే విప్పేయొచ్చు.

అక్టోబరు

చిలకలపూడి సెట్టుకు ఎక్కువ రాయను. బందరు పక్కన చిలకలపూడి గిల్టు నగలంటే ఒకప్పుడు జిల్లా జిల్లాకూ పోయేవి, ఇప్పటికీ బందరులో ఆ పరిశ్రమ నడుస్తోంది. మా సెట్టులో నెక్లెసు అంచుల దగ్గర బంగారు పూత అరిగి కింద రాగి ఎర్రగా బయటపడింది. మళ్ళీ పూత వేయించమని అందరూ చెప్పారు. వేయించలేదు. ఆ ఎరుపు ఆకుపచ్చ నేత చీర మీద బాగుంటుంది. చెమటకు రాగి పచ్చగా మారి మెడకు అంటుతుంది కాబట్టి వెనకవైపు మాత్రం పారదర్శక వార్నిషు పలచగా పూశాను. అది స్పిరిట్టుతో పోతుంది. అత్తరు, పౌడరు అన్నీ అయ్యాక చివరగా పెట్టుకుని, రాగానే మొదట తీసేయడమే దీనికి వైద్యం.

బుగడీలు తేలలేదు. పాతకాలపు మరలు చేత్తో కోసినవి, ఏ శీల దాని తొడిమకే పడుతుంది. కుడిదాని శీల ఎడమదానికి ఎక్కదు, బజారులో దొరికే శీల ఏదీ ఎక్కదు. పైగా తొడిమ ఇప్పటి కమ్మల కంటే దాదాపు రెట్టింపు లావు. నా చెవి పైభాగంలో కన్నమే లేదు, కుట్టించుకున్నా ఈ లావు పట్టదు. ఆచారిగారు కొత్త శీల చేసి ఇస్తానన్నారు. పెట్టుకోవడం సంగతి తర్వాత.

జడబిళ్ళలు మాత్రం సులువుగా తెమిలాయి. నా జుట్టు భుజాల దాకానే. సవరం పెట్టి జడ అల్లిస్తే ఐదూ వరసగా కూర్చున్నాయి. ఒకదాన్ని లాకెట్టుగా చేయిద్దామని చెల్లెలు అంది. వెనక ఉన్న రింగుల్లోంచి దారం పోనిచ్చి వేసుకోమన్నాను, రింగు మాత్రం కోయనివ్వనన్నాను.

నవంబరు

చెల్లెలు అంటే చిన్నాన్న కూతురు, డల్లాస్‌లో ఉంటుంది. పెళ్ళికి వస్తూ రూపాయల దండ తనతో తీసుకుపోతానంటోంది. నాయనమ్మ ఇద్దరికీ నాయనమ్మే, అడగడంలో తప్పు లేదు. కానీ 1972 పురావస్తువుల చట్టం ఒకటుంది. నూరేళ్ళు దాటిన ఇలాంటి వస్తువులను ఎవరికి వారు దేశం దాటించకూడదు, నాణేలూ అందులోకే వస్తాయి. నూరేళ్ళు దాటనివని పురావస్తు శాఖ కాగితం ఇస్తే తీసుకెళ్ళొచ్చు. మన దండలో 1862 అని నాణేల మీదే రాసి ఉంది, ఆ కాగితం ఎవరిస్తారు? విమానాశ్రయంలో పట్టుకుంటే దండే పోతుంది. చెప్పాను. అర్థం చేసుకుంది. బదులుగా మెహందీ రోజు తనకి, పెళ్ళి రోజు నాకు అని ఒప్పందం. చిలకలపూడి సెట్టు పంపించమంటే మాత్రం పంపిస్తాను, అది నూరేళ్ళది కాదు.

ఇన్ని నగలు ఒకేసారి ఎలా దాచాలో కూడా తేల్చుకున్నాను. వెండి, గిల్టు, రాళ్ళవి వేర్వేరుగా, ఒక్కోటీ ఉతికిన మల్లు గుడ్డలో. చెమ్మకు డబ్బాలో సుద్దముక్కలు. రబ్బరు బ్యాండ్లు డబ్బా దగ్గరికి రానివ్వకూడదు, రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. ఎర్ర మఖమలు పెట్టెలు చూడ్డానికి బాగుంటాయి గానీ, చెమ్మ తగిలితే రంగు దిగి నగకు అంటుతుంది.

డిసెంబరు, పెళ్ళి అయ్యాక

రూపాయల దండ రెండు రోజులూ నిలిచింది. ముడులు ఒక్కటీ జారలేదు, దారం మాత్రం బరువుకు కాస్త సాగింది. అడ్డిగ తలంబ్రాలప్పుడు పెట్టుకున్నాను. బియ్యం గింజలు గూళ్ళలో ఇరుక్కుని మర్నాడు సూదితో తీశాను. కొత్త రాయి కదలలేదు.

అత్తమ్మ నన్ను చూసీ చూడగానే దండ అందుకుని తిప్పి చూసింది. "ఎవడు గుచ్చిండే ఇది? రాజు మొఖాలన్ని బయటికి వెట్టిండు. అవ్వ ఉన్నప్పుడు చార్మినార్ మీదికుండె, కల్దార్లు బొర్లేసి ఉండె. వాళ్ళ మొఖం మనకెందుకు?" అని నవ్వింది. పాత ఫొటోలు తీసి చూశాను. ముక్కలుగా ఉన్నప్పుడు నేను తీసినవాటిలో దారం మీద మిగిలిన ఎడమ ముక్కలో నిజంగానే కల్దార్లు బోర్లా ఉన్నాయి.

నాణేన్ని తిప్పాలంటే కొండీలోంచి దారం అవతలి వైపు నుంచి రావాలి, అంటే మొత్తం విప్పి మళ్ళీ గుచ్చడమే. దారం ఎలాగూ సాగింది. వన్‌టౌన్ ఆయనకు ఫోను చేస్తే సంక్రాంతి దాటాక తెమ్మన్నాడు, ఈసారి దారం ఇంకో పేట ఎక్కువ వేస్తానన్నాడు. ఆచారిగారి దగ్గర బుగడీ శీల తయారైందట, దానికీ అప్పుడే వెళ్తాను.